మీ ఊరి వాగులో పారేది ఏ నీళ్లు? కార్తె కార్తెకూ కనిపెట్టే పద్ధతి

వాగులో నీళ్లు ఎక్కడివి అని ఎవర్ని అడిగినా, ఎక్కడివేంటి, వాన నీళ్లే కదా అంటారు. నిజమే, చివరికి అన్నీ వాన నీళ్లే. కానీ ఏ వాన? నిన్న సాయంత్రం కురిసిందా, పోయిన నెల కురిసి మొరంలో దాక్కున్నదా, పోయినేడు కురిసి బండ పగుళ్లలోకి దిగినదా, లేకపోతే ఎక్కడో కృష్ణా, గోదావరి మీద కురిసి పైపుల్లో మన వంటింటిదాకా వచ్చి, సింకులోంచి జారి నాలాలో పడ్డదా? హైదరాబాద్ చుట్టుపక్కల వాగుల్లో ఏడాది పొడవునా ఈ నాలుగు రకాల నీళ్లూ వంతులేసుకుని పారతాయి. చూడటానికి అన్నీ నీళ్లే, కానీ ఇవాళ పారేది వీటిలో ఏదో తేల్చుకోవచ్చు, అదీ రెండు వేల రూపాయల లోపు సామానుతో.

నేను అత్తాపూర్ వైపు ఉంటాను, మూసీ నడిచి వెళ్లే దూరమే. వికారాబాద్ దారిలో ఒక చిన్న వాగు దగ్గరికి ఆరేళ్లుగా వెళ్తున్నాను, రెండింటికీ ఒకే నోటు పుస్తకం. ఆ పుస్తకం నాకు నేర్పినదే ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట: అందరూ వాన పడుతున్నప్పుడు వాగు చూడటానికి పరిగెత్తుతారు, కానీ అసలు సంగతి తెలిసేది వాన ఆగిన మూడో రోజు నుంచి. ఇది గుర్తుంటే మిగతా దశలన్నీ తేలికే.

ముందు కాళ్ల కింద ఏముందో తెలుసుకోవాలి

హైదరాబాద్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. గట్టి బండలో నీళ్లు నిలవవు. పైన పది, ఇరవై మీటర్ల వరకు ఆ రాయే శిథిలమై మొరంగా మారి ఉంటుంది, దాని కింద పగుళ్లున్న బండ, ఇంకా కిందికి పోతే పగుళ్లు కూడా లేని బండ. మొరం స్పాంజిలాంటిది, వాన నీళ్లను పట్టి ఉంచి మెల్లగా వాగులోకి వదులుతుంది. పగుళ్లలో నిలిచేది చాలా తక్కువ. మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో మన ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు, ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి ఈ పొరలనే పరిశీలించారు. అక్కడ బోర్లు తోడీ తోడీ నీటిమట్టం మొరం దాటి పగుళ్లలోకి దిగిపోయింది. మొరం ఎండితే వాగుకు ఊట ఉండదు, ఇంకెంత వాన పడినా పడిన రెండు రోజులే పారుతుంది.

పడమరన వికారాబాద్ వైపు పోతే నేల వేరు. అనంతగిరి గుట్టల పైన ఎర్ర లాటరైట్, దాని కింద నల్లరాయి. లాటరైట్ నిండా రంధ్రాలు కాబట్టి నీళ్లు గుంజుకుంటుంది, గుట్ట పక్కల నుంచి ఊటలుగా వదులుతుంది. మూసీ పుట్టేది అక్కడే. అందుకే ఒకే వాన పడినా మహేశ్వరం వాగూ, అనంతగిరి వాగూ ఒకలా ప్రవర్తించవు. మీ వాగు ఏ నేల మీద ఉందో తెలుసుకోకుండా పక్కూరి వాగుతో పోల్చుకోకండి.

చోటు ఎంచుకోవడం

వాగు మీద ఒకే చోటు పెట్టుకోండి, ఏడాదంతా అక్కడే. సూటిగా ఓ పది అడుగులైనా పారే చోటు కావాలి, మలుపులో వద్దు, చెక్‌డ్యామ్ పైన వద్దు. చిన్న కల్వర్టు ఉంటే మరీ మంచిది, గోడ మీద పెయింటుతో సెంటీమీటర్ గీతలు గీసుకోవచ్చు. ఎగువన ఏమేమి ఉన్నాయో ఫోన్ మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం పెట్టి చూసుకోండి: చెరువులు, కుంటలు, కోళ్ల ఫారాలు, కాలనీలు, పొలాలు. వీలైతే ఒక ఆదివారం వాగు వెంటే ఎగువకు నడవండి, పక్కనుంచి వచ్చి కలిసే ఒర్రెలు మ్యాప్‌లో కనబడవు.

జాగ్రత్త గురించి ఒక్కసారే చెప్తాను, గట్టిగా చెప్తాను. మోకాలి పైకి నీళ్లుంటే దిగొద్దు. సిటీ నాలాల్లోకైతే అసలు దిగొద్దు, వానలో మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడుందో ఎవరికీ కనబడదు. ఇసుక తవ్విన వాగుల్లో గుంతలుంటాయి, పైకి నీళ్లు సమానంగానే కనిపిస్తాయి. పారే వాగులోంచి నమూనా కావాలంటే తాడు కట్టిన చిన్న బకెట్ గట్టు మీద నుంచే వేయండి.

సామాను

టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపేది, ఆర్వో ఫిల్టరు బిగించేవాళ్లు జేబులోంచి తీసి చూపిస్తారే, అదే. వంటింటి డిజిటల్ థర్మామీటరు. టేపు. 15 లీటర్ల బకెట్. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ సీసాలు పది. వాన కొలవడానికి కింద నుంచి పైదాకా ఒకే వెడల్పున్న గాజు సీసా గానీ స్టీలు డబ్బా గానీ, మేడ మీద ఏ చెట్టూ గోడా అడ్డు లేని చోట పెడితే, అందులో ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నీళ్లుంటే అన్ని మిల్లీమీటర్ల వాన. వాగు మీ ఇంటికి దూరమైతే మీ మేడ మీద వాన లెక్క పనికిరాదు, వానాకాలంలో మన దగ్గర ఒక వీధిలో కురిసి పక్క వీధిలో ఎండ కాయడం మామూలే. వాగుకు దగ్గరలో ఉన్న ప్రభుత్వ వాతావరణ కేంద్రం లెక్క చూసుకోండి, తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థకు మండలాల్లో ఆటోమేటిక్ కేంద్రాలున్నాయి.

టీడీఎస్ మీటరు నిజానికి కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో, దాన్ని లెక్క కట్టి పీపీఎంలో (పది లక్షల్లో ఎన్ని వంతులో) చూపిస్తుంది. వాన నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి అంకె పది, ఇరవై, ముప్పై దగ్గరే ఉంటుంది. అవే నీళ్లు మొరంలో నెలల తరబడి రాతిని ఒరుసుకుంటూ ఉంటే కాల్షియం, సోడియం లాంటివన్నీ కరిగి అంకె వందల్లోకి పోతుంది. అంటే ఈ అంకె నీళ్లు నేలలో ఎంతకాలం ఉన్నాయో చెప్పే గడియారంలాంటిది, కచ్చితమైన గడియారం కాదు గానీ పనికొచ్చే గడియారం. ఏడాదంతా ఒకే మీటరు వాడండి. రెండు మీటర్లు ఒకే అంకె చూపించవు, కానీ ఒకే మీటరు చూపించే తేడాను నమ్మవచ్చు.

ఎప్పుడు వెళ్లాలి

రైతులు ఏనాడో లెక్క కట్టి పెట్టారు. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. కార్తె మారినప్పుడల్లా ఒకసారి వెళ్తే చాలు, అంటే నెలకు రెండుసార్లు. వానాకాలంలో ఇవి కాక ఏదైనా ఒక పెద్ద వాన పట్టుకుని, అది మొదలైనప్పటి నుంచి పది రోజులపాటు రోజూ కొలవాలి. ఏడాదికి అలాంటివి మూడు పట్టుకుంటే సరిపోతుంది: జూన్‌లో ఒకటి, ఆగస్టులో ఒకటి, సెప్టెంబర్ చివర్లో ఒకటి. ఈ మూడూ ఒకదానికొకటి ఎంత వేరుగా ఉంటాయో మీరే చూస్తారు.

మన దగ్గర ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురుస్తుంది, అందులో నాలుగింట మూడొంతులు జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యలోనే. కాబట్టి శ్రమ కూడా ఆ నాలుగు నెలల మీదే పెట్టండి.

మృగశిరకు ముందే చేయాల్సిన పని

ఏ నీళ్లు ఎంత కలిశాయో చెప్పాలంటే, కలవక ముందు ఒక్కోటీ ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి. అందుకని వానలు పడక ముందే వాగుకు దగ్గరలో ఉన్న పాత బావి నీళ్లు (మోట బావి దొరికితే అదృష్టం), లేకపోతే తక్కువ లోతు బోరు నీళ్లు కొలిచి రాసుకోండి. బోరైతే మోటారు వేసి పది నిమిషాలు పారనిచ్చాక పట్టాలి, పైపులో నిలిచిన నీళ్లు లెక్కకు రావు.

మొదటి ఏడాది నేను ఇక్కడే తప్పు చేశాను. భూగర్భ జలం అంకె కోసం ఊళ్లో కుళాయి నీళ్లు కొలిచి రాసుకున్నాను. అవి పైపులో ఎక్కడో దూరం నుంచి వచ్చే నది నీళ్లు, ఆ ఊరి నేలలోవి కావు. ఊళ్లో బోరు అంకెలో సగం కూడా లేవు. ఆ ఏడాది లెక్కలన్నీ మళ్లీ వేయాల్సి వచ్చింది. కుళాయి నీళ్లను కూడా కొలవండి, కానీ వేరే గడిలో రాయండి. నాలా దగ్గరికి వచ్చినప్పుడు ఆ అంకె కావాలి.

తొలి వానలు: నీళ్లు కనిపిస్తాయి, వాగు పారదు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలకు నేల ఎంత దాహంతో ఉంటుందంటే మృగశిరలో 30 మిల్లీమీటర్లు కురిసినా చెల్క నేల మొత్తం తాగేస్తుంది. రేగడైతే నెర్రెల్లోకి పోతుంది, నెర్రెలు మూసుకునేదాకా చుక్క బయటికి రాదు. ఈ రోజుల్లో వాగులో ఏదైనా పారిందంటే అది బండల మీద నుంచి, రోడ్ల మీద నుంచి, గట్టిపడ్డ బాటల మీద నుంచి జారిన నీళ్లే, గంటా రెండు గంటల్లో అయిపోతుంది.

టీడీఎస్ మీటరు ఇక్కడ ఒక విచిత్రం చూపిస్తుంది. వాన నీళ్లు కదా, అంకె తక్కువ ఉంటుందనుకుని ముంచితే మూడొందలో నాలుగొందలో కనబడవచ్చు. మీటరు చెడిపోలేదు. ఆరు నెలలుగా నేల మీద పేరుకున్న దుమ్ము, పెంట, ఎరువులు, రోడ్ల మీద మురికి అన్నీ ఆ మొదటి నీళ్లే కడుక్కొస్తాయి. ప్రతి పావుగంటకూ ఒక సీసా పట్టి వరుసగా గట్టు మీద పెట్టి చూడండి: మొదటిది చాయ్ రంగులో, తర్వాతవి ఎర్రమట్టి రంగులో, అంకె మాత్రం సీసా సీసాకూ తగ్గుతూ వస్తుంది. అందుకే జూన్ వానల్లో కొత్త నీళ్లూ పాత నీళ్లూ విడదీసే లెక్క వేయొద్దు, అది తప్పుతుంది. రాసి పెట్టుకోండి, అంతే.

ఆశ్లేష, మఖ రోజులు: కలిసిన నీళ్లను విడదీయడం

ఆగస్టుకు వచ్చేసరికి నేల తడిసి ఉంటుంది, మొరంలో కొంత నీరు చేరి ఉంటుంది. ఇప్పుడు లెక్క వేయవచ్చు. కావాల్సినవి మూడు అంకెలు: బావి నీళ్లది, కొత్త నీళ్లది, వాగుది. వాగు అంకెలోంచి కొత్త నీళ్ల అంకె తీసేయండి. బావి అంకెలోంచి కూడా కొత్త నీళ్ల అంకె తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వాగులో పాత నీళ్ల వాటా వస్తుంది.

ఉదాహరణకు బావి 600, వాన 20, వాగు 194 అనుకుందాం. 194లో 20 పోతే 174. 600లో 20 పోతే 580. 174ను 580తో భాగిస్తే 0.30. అంటే ఆ క్షణాన వాగులో వందకు ముప్పై వంతులు నేల వదిలిన నీళ్లు, డెబ్భై వంతులు ఇప్పుడు కురుస్తున్నవి.

ఇందులో ఒక మెలిక ఉంది. మేడ మీద పట్టిన వాన అంకె 20 కావచ్చు, కానీ అది పొలం గట్ల మీద పారి వాగు చేరేసరికి 60 అవుతుంది. అలా వేస్తే పాత నీళ్ల వాటా 25 వంతులకు తగ్గుతుంది. నేనైతే వాగు పక్క బండ మీదో బాట మీదో పలచగా పారుతున్న నీళ్లు పట్టి ఆ అంకెనే వాడతాను. లెక్క ఏది వాడినా పుస్తకంలో రాసుకోండి, మధ్యలో మార్చకండి.

ఒకటే వానలో ఈ లెక్క నాలుగైదుసార్లు వేస్తే ఆశ్చర్యపోయే సంగతి ఒకటి బయటపడుతుంది. వాగు పొంగుతున్నప్పుడు కూడా పాత నీళ్లు ఉంటాయి, అవి కూడా పెరుగుతాయి! అంత కొద్దిసేపట్లో వాన నేలలోకి ఇంకి, మొరం దాటి వాగులోకి రావడం కుదరని పని, మరి ఎలా? తోటకు నీళ్లు పట్టే పైపు గుర్తు చేసుకోండి. మధ్యాహ్నం కుళాయి తిప్పగానే ముందు చేతి మీద పడేవి సలసల కాగే నీళ్లు, అవి పొద్దుట్నుంచీ పైపులో నిలిచినవి. చల్లటి కొత్త నీళ్లు తర్వాత వస్తాయి. నేల కూడా అంతే, నిండా తడిసి ఉన్నప్పుడు పైన కొత్త నీళ్లు నెట్టగానే కింద పోయిన నెల నీళ్లు వాగులోకి దూకుతాయి. జూన్‌లో ఇది జరగదు, పైపు ఖాళీగా ఉంటుంది కాబట్టి.

వరదల తేదీలు చూసినా ఇదే కనబడుతుంది. మూసీ మహా వరద వచ్చింది 1908 సెప్టెంబర్ 28న. ఈ మధ్య కాలంలో నగరం మునిగింది 2000 ఆగస్టు 24న, మళ్లీ 2020 అక్టోబర్ 13న. ఒక్కటి కూడా జూన్ కాదు. వాన ఎంత పడింది అనేది సగం సంగతే, అది పడేసరికి నేల, కుంటలు, చెరువులు ఎంత నిండి ఉన్నాయి అనేది మిగతా సగం. నిండిన గొలుసుకట్టు చెరువుల మీద పడ్డ వాన ఆగే చోటు లేక ఒక మత్తడి (చెరువు అలుగు) దుంకి ఇంకో మత్తడి మీద పడుతుంది.

వాన ఆగిన తర్వాత: అసలు పని

ఇప్పటిదాకా చేసిందంతా దీనికోసమే. పెద్ద వాన ఆగిన రోజు నుంచి పది రోజులు రోజూ ఒకే వేళకు వెళ్లి వాగు ఎంత పారుతుందో కొలవాలి.

చిన్న ధారైతే బకెట్ పట్టండి. 15 లీటర్ల బకెట్ 6 సెకన్లలో నిండితే సెకనుకు రెండున్నర లీటర్లు. పెద్దగా పారుతుంటే ఐదు మీటర్ల దూరం గట్టు మీద కొలిచి రెండు కర్రలు పాతి, ఎగువన ఒక నారింజ పండు వదలండి. నారింజ మునిగీ మునగనట్టు తేలుతుంది కాబట్టి గాలి లాక్కుపోదు, ఎండుటాకును లాక్కుపోతుంది. ఐదు మీటర్లు పోవడానికి 20 సెకన్లు పడితే వేగం సెకనుకు పావు మీటరు. వెడల్పు 2 మీటర్లు, సగటు లోతు 15 సెంటీమీటర్లు అయితే అడ్డకోత 0.3 చదరపు మీటర్లు. రెండూ గుణిస్తే 0.075, అడుగున నీళ్లు పైకంటే మెల్లగా పారతాయి కాబట్టి దాన్ని 0.85తో గుణించండి, 0.064 ఘనపు మీటర్లు వస్తుంది, అంటే సెకనుకు 64 లీటర్లు. రోజుకైతే సుమారు 55 లక్షల లీటర్లు. ఎగువ పరీవాహకం 10 చదరపు కిలోమీటర్లు ఉంటే ఇది అర మిల్లీమీటరు వానతో సమానం. 50 మిల్లీమీటర్లు కురిసిన చోట రోజుకు అర మిల్లీమీటరు వాగులోకి వస్తోందంటే మిగతాది ఎక్కడికి పోయిందో ఆలోచించండి: పంటలు తాగాయి, ఆవిరైంది, చెరువుల్లో ఆగింది, కొంత కిందికి దిగింది.

ఇప్పుడు ఇవాళ్టి ప్రవాహం అంకెను నిన్నటి అంకెతో భాగించి ఒక వరుసలో రాయండి. మొదటి రెండు రోజులు 0.3, 0.5 అని పడిపోతుంది, అది పైన జారిన నీళ్లు అయిపోతున్న గుర్తు. తర్వాత 0.7, 0.8 దగ్గర కొన్ని రోజులు నడుస్తుంది, అది మొరం పై పొరలోంచి పక్కకు జారి వచ్చే నీరు. ఆ తర్వాత 0.95 దగ్గర నిలబడిందంటే ఇక అదంతా ఊట. అదే రోజుల్లో టీడీఎస్ వరుస కూడా చూడండి, అది మెల్లగా ఎక్కుతూ బావి అంకెకు దగ్గరవుతుంది. రెండు వరుసలూ ఒకే మాట చెప్తే మీ లెక్క గట్టిదే. వాగు దగ్గర మేకలు కాసే ఒక పెద్దాయన నా పుస్తకం చూసి అన్నమాట ఇప్పటికీ మర్చిపోలేను. "వాన నీళ్లు మూడు దినాలే బిడ్డా, తర్వాత పారేదంతా ఊటనే." నేను నాలుగు సీజన్లు కొలిచి తెలుసుకున్నది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

0.95 దగ్గర నిలబడిన ఈ ఊట ఎన్నాళ్లు నడుస్తుందన్నదే మీ వాగు ఆరోగ్యం. హస్త, చిత్త కార్తెలు దాటి కార్తీకం దాకా నడిస్తే మొరంలో నీళ్లున్నట్టు. సెప్టెంబర్‌లో మంచి వానలు పడినా దసరా నాటికి ఆగిపోతే చుట్టూ బోర్లు మొరాన్ని ఎండబెట్టినట్టు, ఆ ఊటను వాగు కంటే ముందే మోటార్లు లాగేస్తున్నట్టు.

చలికాలంలో థర్మామీటరు కూడా తీసుకెళ్లండి. నేలలోపలి నీళ్ల ఉష్ణోగ్రత ఏడాదంతా పెద్దగా మారదు, మన ప్రాంతంలో 26, 27 డిగ్రీల దగ్గర ఉంటుంది. డిసెంబర్ తెల్లవారుజామున గాలి 13 డిగ్రీలున్నప్పుడు గట్టు వెంట నీళ్లలో చేయి పెడుతూ నడవండి. ఒకచోట చల్లగా, రెండడుగులు పోయాక గోరువెచ్చగా తగులుతుంది. ఆ వెచ్చటి చోటే ఊట. నా వాగులో అలాంటివి మూడే ఉన్నాయి, ఒకటి సరిగ్గా చింతచెట్టు వేరు కింద, అరచేయంత ఇసుక బుడబుడమని కదులుతూ ఉంటుంది. నవంబర్ తర్వాత ఆ వాగు మొత్తం ఆ మూడు చోట్ల పుణ్యమే.

చెరువు కింద వాగు అయితే

ఎగువన చెరువుంటే లెక్క మారుతుంది. చెరువు నిండి మత్తడి దుంకినన్నాళ్లూ వాగులో పారేది చెరువు నీళ్లే, రెండు మూడు వానలు కలగలిసినవి. మత్తడి ఆగాక కట్ట కింద నుంచి ఊట వస్తుంది, మాఘం దాకా కూడా రావచ్చు. ఇది భూగర్భ జలమా, చెరువు నీళ్లా? కట్ట దిగువన, చెరువులో, పక్క బావిలో మూడుచోట్లా కొలిస్తే తెలిసిపోతుంది. తూము తెరిచిన రోజులు రైతుల్ని అడిగి రాసుకోండి, లేకపోతే వాన లేకుండా వాగు ఎందుకు పెరిగిందో అర్థంకాక టెన్షన్ పడతారు.

నగరంలో మూసీది ఇదే కథ, పెద్ద ఎత్తున. ఆ 1908 వరద తర్వాతే మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ కట్టారు. నీటిమట్టం ఉస్మాన్‌సాగర్‌లో 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌లో 1763.5 అడుగులు చేరేదాకా అనంతగిరి వాన అక్కడే ఆగుతుంది. గేట్లు ఎత్తిన రోజు మాత్రం అత్తాపూర్ దగ్గర టీడీఎస్ ఒక్క పూటలో పడిపోతుంది, నురగ కొట్టుకుపోతుంది, వాసన తగ్గుతుంది. ఆ కొన్ని రోజులే మనం నిజంగా మూసీ నీళ్లు చూసేది.

ఎండాకాలంలో నాలా: రోజంతా చేసే పరీక్ష

ఏప్రిల్‌లో పొంగిపొర్లే నాలా కనిపిస్తే సంతోషించకండి. మన గ్రానైట్ నేలలో ఏప్రిల్‌లో అంత ఊట ఉండదు. అయితే ఏమిటో తేల్చాలి కదా. వాన లేని ఒక రోజు, కల్వర్టు గోడ మీద గీతలు చూసుకుంటూ తెల్లవారుజాము 4 నుంచి రాత్రి 10 దాకా రెండు గంటలకోసారి మట్టం రాయండి. పొద్దున స్నానాలు, గిన్నెలు, బట్టలు అయ్యాక మట్టం పెరిగి, మధ్యాహ్నం తగ్గి, రాత్రి వంటల తర్వాత మళ్లీ కొంచెం లేచి, తెల్లవారుజామున అడుగంటితే అది ఇళ్ల నీరు. ఆదివారం ఆ పొద్దుటి పెరుగుదల ఆలస్యంగా వస్తుంది. చాలా కాలనీల్లో రోజు విడిచి రోజు నీళ్లు వదులుతారు కాబట్టి వదిలిన రోజు ఇంకో రెండు సెంటీమీటర్లు ఎక్కువే ఉంటుంది. ఊటకు ఈ వేళాపాళా ఉండదు. ఉంటే గింటే పొలాల మధ్య వాగులో తిరగబడి ఉంటుంది, మిట్టమధ్యాహ్నం చెట్లు తాగుతాయి కాబట్టి కొంచెం తగ్గి, తెల్లవారేసరికి కోలుకుంటుంది.

ఇంకా అనుమానముంటే అక్వేరియం షాపులో చేపల తొట్టెల కోసం అమ్మే అమ్మోనియా టెస్ట్ కిట్ కొనండి. చేతులకు గ్లోవ్స్ వేసుకుని, తాడు బకెట్‌తో నమూనా తీసి, చుక్కలు వేసి రంగు చూడండి. మురుగైతే రంగు చిక్కగా వస్తుంది. ఇలాంటి చోట టీడీఎస్ ఒక్కటే నమ్మకండి, మురుగు అంకె బావి అంకెకు దగ్గరగా ఉండి మోసం చేస్తుంది.

ఈ నీళ్లు ఎక్కడివో చూడండి. నగరానికి తాగునీరు ఎక్కువగా వచ్చేది కృష్ణా నుంచి నాగార్జునసాగర్ జలాలు, గోదావరి నుంచి ఎల్లంపల్లి జలాలు, ఇవి కాక మంజీరా, సింగూరు. అవే మన ఇళ్లలోంచి నాలాల్లోకి, నాలాల్లోంచి మూసీలోకి పోతాయి. అంటే మే నెలలో చాదర్‌ఘాట్ వంతెన కింద పారేది చాలావరకు సహ్యాద్రి కొండల మీద కురిసిన వాన. అది నల్గొండ జిల్లాలో వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోనే కలుస్తుంది, తోడిన చోటుకు దిగువన. దారి పొడవునా దాంతో గడ్డి, వరి పండిస్తారు. ఆ నీళ్ల బాగోగులు మన చేతిలోనే ఉన్నాయి, అది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఐసోటోపుల మాట

ఇంకా లోతుకు పోవాలంటే ఐసోటోపులు. నీటిలోని ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం 16 రకం, చాలా కొద్దిగా 18 రకం, ఇది బరువైనది. ఆవిరయ్యేటప్పుడు తేలికవి ముందు పోతాయి, బరువైనవి మిగిలిపోతాయి, అందుకే ఎండలో నిలిచిన చెరువు నీళ్లకు ఒక ముద్ర ఉంటుంది, అది కట్ట కింద ఊటలో కూడా దొరుకుతుంది. మబ్బులోంచి బరువైనవి ముందు రాలతాయి కాబట్టి ముసురు పట్టి కుండపోతగా కురిసిన వాన, జూన్‌లో చెదురుమదురుగా కురిసిన వాన కంటే తేలిగ్గా ఉంటుంది. దీంతో ఏ నెల వాన ఊటలోకి దిగిందో చెప్పవచ్చు. ఇది ప్రయోగశాల పని. మీరు చేయగలిగిందల్లా కార్తెకో సీసా నింపి దాచడం: మూతదాకా నింపాలి, లోపల గాలి బుడగ ఉండకూడదు, తేదీ రాసి చీకట్లో పెట్టాలి. ఏ కాలేజీ విద్యార్థో ప్రాజెక్టు కోసం అడిగితే మీ దగ్గర ఏడాది నీళ్లు సిద్ధంగా ఉంటాయి.

రోహిణి కార్తె: ఎండిన వాగుకు కూడా వెళ్లండి

వాగు ఎండిపోయింది కదా అని చాలామంది ఫాల్గుణంలో పుస్తకం మూసేస్తారు. మూయకండి. వాగు కిందికి దిగింది, అంతే. ఇసుకలో చెలిమ తవ్వండి. మోచేతి లోతు తవ్వేసరికి ఇసుక రంగు మారుతుంది, ఇంకో జానెడు తీస్తే అంచుల నుంచి నీళ్లు మెల్లగా ఊరతాయి, మొదట బురదగా, రెండుసార్లు చిప్పతో తోడి పోశాక అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టుకునేంత తేటగా. ఇసుక పైనుంచి నీటిదాకా ఎన్ని సెంటీమీటర్లుందో టేపుతో కొలవండి, టీడీఎస్, ఉష్ణోగ్రత రాయండి, చెలిమ పూడ్చేయండి, మేకపిల్లలు పడతాయి. వచ్చే కార్తెకు అక్కడే రెండడుగులు పక్కన మళ్లీ తవ్వండి. ఈ లోతు ఏటా మే చివర్లో రాసుకుంటూ పోతే, ఒక వానాకాలం నేలలో ఎంత మిగిల్చిందో దీనికంటే సూటిగా చెప్పే అంకె నాకు ఇంకోటి దొరకలేదు. నా వాగులో పోయినేడు 62 సెంటీమీటర్లు, ఈ ఏడు 71. మృగశిరకు ఇంకా తొమ్మిది రోజులుంది, ఆ లోపు ఇంకోసారి తవ్వి చూడాలి.